అర చుట్టు తిరిగే మోటారు

మా వదినకు భయమంటే ఏమిటో తెలియదని వీధంతా అంటుంది. శుద్ధ అబద్ధం. బల్లి కనబడితే చాలు, కుర్చీ ఎక్కి కేకలు పెట్టే మనిషి ఆవిడ. కానీ మా షెడ్డులో మూలబల్ల మీద బిగించిన మోటారు ఎండవేళ ఎవరూ ముట్టకుండానే కదిలినప్పుడు, నేను బయటికి పరుగెత్తితే, ఆవిడ మాత్రం స్టూలు లాక్కుని దాని ఎదురుగా కూర్చునేది. ఎక్కువ తిరిగేది కాదు. అర చుట్టు. గరగరమని ఒక మూలుగు, అర చుట్టు, మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. మా అన్నయ్యను చంపిన మోటారు అది.

ముందు మా పనేమిటో చెప్పాలి, లేకపోతే ఈ గొడవంతా ఎవరికీ అర్థం కాదు. మాది మోటార్లు బాగుచేసే షెడ్డు. కరెంటు మోటార్లు కావు, అవి చేసేవాళ్ళు సందుకొకరున్నారు. మావి కంప్రెసరు గాలితో తిరిగేవి, నూనె ఒత్తిడితో తిరిగేవి. రంగుల ఫ్యాక్టరీలో తొట్టిలో రంగు కలిపేది గాలి మోటారే. ఆ ఘాటు ఆవిరి మధ్య కరెంటు నిప్పురవ్వ ఒక్కటి పడిందంటే ఇక ఫ్యాక్టరీ ఉండదు. పడవల్ని ఒడ్డుకు లాగే వించికైతే నూనె మోటారు. షెడ్డు నాన్న పెట్టాడు. ఆయన పోయాక అన్నయ్య నడిపాడు. నేను విప్పడం, కడగడం, బిగించడం చేసేదాన్ని. అమ్మ నూనె పోసేది. గాలి మోటారుకు పక్కనే గిన్నెలాంటి చిన్న సీసా ఒకటుంటుంది. అందులో నూనె పోస్తే వెళ్ళే గాలి దాన్ని చుక్కచుక్కగా లోపలికి తీసుకుపోతుంది. ఆ సీసాలు నింపే పని అమ్మ ఇంకెవరికీ ఇచ్చేది కాదు. నాన్న ఉన్నప్పటి నుంచీ అది ఆవిడ హక్కు.

వదిన అప్పట్లో షెడ్డుకు వచ్చేది కాదు. ఇంట్లో కిటికీ దగ్గర మిషన్ వేసుకుని చొక్కాలకు కాలర్లు కుట్టేది. అన్నయ్య ఒంటి నుంచి వచ్చే నూనె కంపు అంటే ఆవిడకు పడదు. గుమ్మంలోనే సబ్బు చేతికిచ్చి, "ముందు కడుక్కుని తర్వాత మొగుడిగా రండి" అనేది. ఆయన కావాలనే వేలికి నూనె రాసుకుని ఆవిడ ముక్కు మీద చుక్క పెట్టి పారిపోయేవాడు. ఇద్దరికీ ఒళ్ళు తెలియని సరసం. నాకు చూస్తే ఒళ్ళు మండేది, ఇప్పుడు తలుచుకుంటే గుండె పట్టేస్తుంది.

ఒకరోజు రంగుల ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది, పెద్ద తొట్టి మోటారు పాడైందని. అన్నయ్య మా షెడ్డు మోటారొకటి తీసుకెళ్ళి బిగించి వచ్చాడు. కొన్నాళ్ళు బాగానే తిరిగింది. తర్వాత అదీ ఆగింది. రంగు గట్టిపడి కలిపే రెక్కను పట్టేసుకుందేమోనని, తొట్టి ఖాళీ చేయించి, గీకడానికి అన్నయ్య లోపలికి దిగాడు. రెక్క మీద చెయ్యి వేసి నెట్టాడు. అప్పటిదాకా ఆగి ఉన్న రెక్క ఒక్కసారి కదిలింది. అర చుట్టు. ఇనప రెక్క, కణతకు తగిలింది. పైకి తీసేసరికి ఏమీ మిగల్లేదు.

ఫ్యాక్టరీ వాళ్ళు ఒకటే మాట అన్నారు, గాలి వాల్వు కట్టేయకుండా దిగాడని. మనిషి మంచివాడే, అజాగ్రత్త అని. ఆ మాట వీధంతా పాకింది. పోయినవాడిని పోయాడని ఏడవనిచ్చారా? "పాపం, చేజేతులా చేసుకున్నాడు" అంటూ ఓదార్చడానికి వచ్చినవాళ్ళే అనేవారు. నేను ఇద్దరు ముగ్గురిని గుమ్మం దిగేదాకా తిట్టాను. అమ్మ మాత్రం గుండెలు బాదుకుంటూ ఒకే ఏడుపు ఏడ్చేది. "నా చేత్తో మంచి నూనె పోసి పంపాను కదరా! పెద్ద పని అని మంచి నూనె పోసి పంపాను కదరా నాయనా!" ఏడ్చేవాళ్ళు ఏవేవో అంటారు. ఆ మాట మేమెవ్వరం వినలేదు, విన్నా పట్టించుకోలేదు.

వదిన ఏడవలేదు. కొన్నాళ్ళకు మిషన్ మీద గుడ్డ కప్పేసి షెడ్డులోకి వచ్చి నిలబడింది.

"మిరపకాయ్, నాకు ఈ పని నేర్పు" అంది. నా నోటిని బట్టి ఆవిడ పెట్టిన పేరది.

"నీకు నూనె కంపు పడదు కదా వదినా."

"ఆయన వాల్వు కట్టేశారా లేదా? అది నాకు తెలియాలి. ఎవర్నడిగినా వాళ్ళ నోటికొచ్చింది చెబుతున్నారు. మోటారునే అడుగుతా."

సరే అని ఒక పాత మోటారు మూత విప్పి చూపించాను. లోపల గుండ్రటి గది. అందులో తిరిగే ఇనప దిమ్మ, రోటరు. రోటరుకు చుట్టూ నిలువుగా గాట్లు, ఒక్కో గాటులో ఒక్కో పలక. వేన్ అంటాం దాన్ని. అది గాటులోంచి బయటికి జారుతుంది, లోపలికి జారుతుంది. ఆవిడ కాసేపు చూసి ముఖం చిట్లించింది.

"ఈ రోటరును గది మధ్యలో పెట్టకుండా పక్కకు పెట్టారేంటి? పెట్టినవాడికి కొలత రాదా?"

నవ్వొచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో నవ్వాను. "మధ్యలో పెడితే తిరగదు వదినా. చూడు, ఇటువైపు సందు ఎక్కువ, పలక బాగా బయటికొస్తుంది. అటువైపు ఇరుకు, గోడే పలకను లోపలికి నెట్టేస్తుంది. గాలి వచ్చి రెండింటినీ తోస్తుంది. బయటికొచ్చిన పలక పెద్దది కాబట్టి దాని మీద బలం ఎక్కువ పడుతుంది. ఆ తేడాకే తిరుగుతుంది. తిరిగిన గాలి ఇదిగో, ఈ కంతలోంచి బయటికి పోతుంది."

"అంటే రెండువైపులా సమానంగా ఉంటే కదలదన్నమాట."

"కదలదు."

"మన ఇంట్లోలాగే" అంది. ఏ ఉద్దేశంతో అందో నేను అడగలేదు.

ఆవిడ వేళ్ళు కుట్టుపని వేళ్ళు. పలక అరిగిందో లేదో గోటితో రాసి చెప్పేసేది. నూనె మోటారూ గాలి మోటారూ లోపల చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కానీ బుద్ధులు వేరని నేను చెబితే, "వేరెలా?" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. నూనె మోటారులో పలకల కింద చిన్న స్ప్రింగులుంటాయి, తిరగక ముందే పలకను గోడకు ఆనిస్తాయి. నూనె ఎంత నొక్కినా నలగదు. వాల్వు కట్టేస్తే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. గాలి అలా కాదు. గాలి నలుగుతుంది. మూల దొరికితే ముడుచుకుని కూర్చుంటుంది, దారి దొరికిందా లేచి తోస్తుంది. మోటారు ఆగిందంటే గాలి పోయిందని కాదు, లోపల ఇంకా తోస్తూనే ఉండొచ్చు. అందుకే మా నాన్న ఒక అలవాటు పెట్టాడు. వాల్వు కట్టేశాక గాలి బయటికి పోయే కంత దగ్గర చెవి పెట్టాలి. సుయ్యిమన్న శబ్దం ఉంటే లోపల ఊపిరి ఉన్నట్టు. ఏమీ లేకపోతే చచ్చినట్టు. అప్పుడే చెయ్యి పెట్టాలి. మా షెడ్డులో ఇది అన్నం ముందు చెయ్యి కడుక్కున్నంత అలవాటు. అన్నయ్య చెవి పెట్టకుండా దిగాడంటే నేను చచ్చినా నమ్మను.

ఫ్యాక్టరీ వాళ్ళు ఆ మోటారును ఉంచుకోలేదు. గొట్టం, వాల్వు, నూనె సీసా, అన్నీ ఊడదీసి గోనెసంచిలో వేసి పంపించారు. నేను చెత్తలో పారేయబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నా కళ్ళ ముందు పెట్టండి దాన్ని. వాడి చెయ్యి ఆఖరిసారి పడింది దాని మీదే."

మూలబల్ల మీద బిగించాం. వదిన దాన్ని ఫ్యాక్టరీలో ఉన్నట్టే, అదే గొట్టం, అదే వాల్వుతో, మా గాలి లైనుకు తగిలించింది. తిప్పి చూద్దామని వాల్వు మీద చెయ్యి వేసింది. అంతే, అమ్మ కేక పెట్టింది. "దాన్ని తిప్పావంటే నా మీద ఒట్టే! విప్పినా ఒట్టే!" వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. వాల్వు కట్టేసినట్టే ఉంది, గొట్టం తగిలించినట్టే ఉండిపోయింది.

ఎండలు ముదిరాక అది కదలడం మొదలుపెట్టింది. పైన రేకులు కాలి షెడ్డంతా పొయ్యిలా అయిన వేళ, మేం అన్నాలు తినడానికి కూర్చున్నప్పుడు, మూలలో గరగరమని మూలుగు. అర చుట్టు. మొదటిసారి నేను కంచం వదిలేసి వీధిలోకి పరుగెత్తాను, చెబితే సిగ్గుచేటు. వాల్వు చూస్తే గట్టిగా కట్టేసే ఉంది. ఇంకోరోజు మళ్ళీ. అమ్మ దాని దగ్గరికెళ్ళి కంతకు చెవి పెట్టింది. ఏమీ వినబడలేదు. ఊపిరి లేదు. అయినా తిరిగింది. అమ్మ ముఖంలో భయం లేదు, ఏదో వెలుగు.

"వాడే" అంది మెల్లగా. "అన్నం వేళకు వస్తున్నాడు."

ఆనాటి నుంచి ఆ వేళకు అమ్మ మూలబల్ల దగ్గరే కూర్చునేది. మోటారుకు చెవి ఆనించి కళ్ళు మూసుకునేది. ఒక్కోరోజు కదిలేది, ఒక్కోరోజు లేదు. కదలని రోజు అన్నం ముట్టేది కాదు. వదిన ఎదురు స్టూలు మీద కూర్చుని ఒకసారి అత్తను చూసేది, ఒకసారి వాల్వును చూసేది. నేను మాత్రం ఆ షెడ్డులో ఒంటరిగా ఉండేదాన్ని కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఏదో మోటారు బాగుచేయించడానికి తెచ్చాడు. అన్నయ్య పోయినరోజు అక్కడ ఉన్నది ఆయనే. చెడ్డవాడేమీ కాదు, కానీ నోరు ఊరుకోదు కదా.

"ఏమైనా అనండమ్మా, వాడు మంచి పనిమంతుడు. ఆ రోజెందుకో పరధ్యానంగా ఉన్నాడు. వాల్వు కట్టేసి ఉంటే రెక్క ఎందుకు తిరుగుతుంది చెప్పండి?"

నేను స్పానరు తీసుకుని లేవబోయాను. అప్పుడే మూలలోంచి గరగరమని మూలుగు. అర చుట్టు. సూపర్‌వైజరు గోడకు అతుక్కుపోయాడు. ఆయన చూపు ముందు మోటారు మీద, తర్వాత వాల్వు మీద పడింది. వదిన ఆ చూపును పట్టుకుంది.

"ఆ వాల్వు మీదే కదండీ? అక్కడిదే?"

"మాదే" అన్నాడు గుటక మింగి.

"కట్టేసి ఉందా, తీసి ఉందా?"

"కట్టేసే ఉందమ్మా."

"మరి తిరిగింది కదండీ ఇప్పుడు?"

ఆయన తెచ్చిన మోటారు అక్కడే వదిలేసి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు. వదిన నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ తను కూర్చున్నది దెయ్యం ఎదురుగా కాదనీ జవాబు ఎదురుగాననీ ఆవిడకు అప్పుడే తట్టింది. గబగబా గిన్నెలో సబ్బునురగ కలుపుకొచ్చింది.

"అత్తయ్యా, మీ ఒట్టు తీసి గట్టున పెట్టండి. గొట్టం ఊడదీస్తున్నా."

"వద్దే! వాడు..."

"ఆయన కోసమే అత్తయ్యా. ఒక్కసారి."

అమ్మ మోటారును రెండు చేతులతో పొదివి పట్టుకుంది. తర్వాత ఏమనుకుందో, వదిలేసింది. వదిన గొట్టం లాగి వాల్వు మూతికి నురగ రాసింది. ముగ్గురం వంగి చూశాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక బుడగ మెల్లగా ఉబ్బింది, పగిలింది. ఇంకోటి ఉబ్బింది. వాల్వు బిగించినా లోపల నుంచి గాలి కారుతోంది.

"కట్టేశారు అత్తయ్యా" అంది వదిన. "ఆయన కట్టేశారు. వాల్వే దొంగది. కట్టేసినా గాలి కొంచెం కొంచెంగా చేరి మోటారులో కూర్చుంది. నెట్టగానే తోసింది."

అమ్మ ఒక్క అరుపు అరిచి వీధిలోకి పరుగెత్తింది. ఆ వయసులో ఆ పరుగు! "నా కొడుకు వాల్వు కట్టేశాడు! విన్నారా, నా కొడుకు అజాగ్రత్త మనిషి కాదు!" ఇంటింటి గుమ్మం ముందూ ఆగి చెబుతోంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. నాకూ కళ్ళ వెంట ధారలు. వదినను పట్టుకుని ఊపేశాను.

వదిన నవ్వలేదు. మోటారు మూత విప్పుతోంది.

"ఇంకేంటి వదినా? తేలిపోయింది కదా!"

"చెవి పెట్టి ఉంటారు కదా మిరపకాయ్. గాలి కారుతుంటే కంతలోంచి సుయ్యిమనాలి కదా. మరి ఆయనకు ఎందుకు వినబడలేదు?"

మూత ఊడింది. పలకలు గాట్లలోంచి రావడం లేదు. లోపలంతా నల్లగా, తేనెలా సాగుతూ, పలకల్నీ గోడనీ అతికించేసిన జిగురు. అది పలకల సందులన్నీ మూసేసింది. వచ్చిన గాలి కంతలోంచి పోవడానికి దారి లేక, చప్పుడు లేకుండా పలక వెనకే పోగుపడింది. ఎండకు జిగురు మెత్తబడితే పలక జారుతుంది, అర చుట్టు తిరుగుతుంది. చేత్తో నెట్టినా అంతే. వదిన ఆ జిగురును రెండు వేళ్ళ మధ్య రాసింది, వాసన చూసింది. లేచి నూనె డబ్బాల దగ్గరికెళ్ళింది. గాలి మోటార్లకు పోసే పలచటి నూనె ఒక డబ్బా. వించి గేర్లకు పోసే చిక్కటి నూనె ఒకటి, ఖరీదైనది. చిక్కటి దాంట్లో వేలు ముంచి మళ్ళీ వాసన చూసింది.

నా చెవుల్లో అమ్మ ఏడుపు గింగురుమంది. *మంచి నూనె పోసి పంపాను కదరా. పెద్ద పని అని మంచి నూనె పోసి పంపాను కదరా నాయనా.*

వదిన నా ముఖం చూసింది. తనకూ గుర్తొచ్చింది. బయట అమ్మ గొంతు ఇంకా వినబడుతోంది, ఎవరికో వాల్వు సంగతి మొదటి నుంచి చెబుతోంది.

"నువ్వు నోరు విప్పావంటే చంపేస్తా" అంది వదిన.

ఆవిడ గుడ్డతో ఆ జిగురు తుడవడం మొదలుపెట్టింది. సగం కూడా తుడవలేదు, అమ్మ వచ్చేసింది. ముఖం కడిగిన అద్దంలా ఉంది. స్టూలు మీద కూలబడి ఆయాసపడుతూ నవ్వింది. ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగింది. అమ్మ ఎన్నో ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషి, ఆవిడకు మేం ఏం దాస్తాం?

"అవునే, గాలి కారుతుంటే చెవికి తెలియాలి కదా? వాడు చెవి పెట్టకుండా దిగడు."

"నూనె గట్టిపడింది అత్తయ్యా. దాంతో చప్పుడు రాలేదు."

"పలచటి నూనె ఎలా గట్టిపడుతుందే?"

"పలచటిది కాదు. చిక్కటిది పడింది." వదిన తల ఎత్తలేదు. గుడ్డతో తుడుస్తూనే ఉంది. "నేనే పోశాను అత్తయ్యా. ఆ రోజు నాకు తెలియక. ఏ డబ్బా ఏదో తెలియక పోశాను. నన్ను ఏమన్నా అనండి."

అమ్మ వదిన చేతిలోని నల్లటి గుడ్డను చూసింది. నూనె డబ్బాలను చూసింది. తర్వాత తన చేతులను చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"నువ్వు పోశావా?" అంది చివరికి. గొంతు మెత్తగా ఉంది, నాకు దాంతోనే భయమేసింది. "ఆ రోజుల్లో నువ్వు ఈ షెడ్డు గడప కూడా తొక్కలేదు కదమ్మా."

వదిన ఏడ్చింది. ఆయన పోయిన తర్వాత ఆవిడ ఏడవడం అదే మొదలు. అత్త కాళ్ళ దగ్గర కూలబడి, ఆ నూనె చేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చింది. అమ్మ ఆవిడ తల మీద చెయ్యి వేయబోయి, ఆ చెయ్యి చూసుకుని, వెనక్కి తీసుకుంది.

మర్నాటికి వదిన ఆ మోటారును కిరసనాయిలుతో కడిగి, కొత్త పలకలు వేసి, వాల్వు మార్చి బిగించేసింది. అన్నం వేళకు అమ్మ అలవాటుగా మూలబల్ల దగ్గరకు వచ్చి చెవి ఆనించింది. రేకులు కాలుతున్నాయి. షెడ్డులో చప్పుడు లేదు. చాలాసేపు అలాగే ఉంది.

"తిరగదా ఇంక?"

"తిరగదు అత్తయ్యా. బాగుచేశాను."

"ఎందుకు చేశావే?" అంది అమ్మ. అంత దీనంగా అడగడం నేనెప్పుడూ వినలేదు.

ఇప్పటికీ మా షెడ్డులో సీసాల్లో నూనె పోసేది అమ్మే. మానిపించాలని చూశాం, మానలేదు. కాకపోతే ఇప్పుడు పోసే ముందు డబ్బా మూత తీసి, వదిన ముందుకు తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని నిలబడుతుంది.

"ఇదేనా అమ్మా? ఒకసారి చూసి చెప్పు."

వదిన ఎంత పనిలో ఉన్నా లేచి, వేలు ముంచి, వాసన చూస్తుంది. "ఇదే అత్తయ్యా" అంటుంది. అమ్మ రెండడుగులు వేసి, ఆగి, మళ్ళీ వెనక్కి వస్తుంది.

"నిజంగా ఇదేనా?"